నురగ లేవని గది

మా ఊరు చూడవచ్చేవాళ్ళ చేతుల్లో ఒక మడత పటం ఉంటుంది. చెక్ దేశపు మా బ్ర్నోలో బీరు కాచే చిన్న బ్రూవరీ ఉన్న ప్రతిచోటా దాని మీద ఒక నురగ గ్లాసు బొమ్మ వేశారు. ఒక చోట ఒక గ్లాసు తాగి, ట్రామ్ ఎక్కి, ఇంకో చోట ఇంకోటి తాగి, సాయంత్రానికి స్వితావా నది ఒడ్డున గడ్డిలో వెల్లకిలా పడుకుని నవ్వుకోవడం వాళ్ళ పద్ధతి. పోయిన జూన్‌లో ఒక గురువారం నేనూ వ్లాస్తా గారూ అదే దారిలో తిరిగాం. మా చేతిలో ఉన్నది ఖాళీ పాల క్యాను.

వ్లాస్తా గారి బ్రూవరీ హుసోవిత్సె పేటలో, ఒకప్పుడు బట్టలుతికే మరలు తిరిగిన ఇటుక కట్టడంలో ఉండేది. నేను అక్కడ ముందు గదిలో బీరు పోసేవాణ్ణి. ఆమె పద్దెనిమిదేళ్ళప్పుడు పల్లె నుంచి వచ్చి ఊరి పెద్ద బ్రూవరీలో చేరింది. పని నురగ తియ్యడం. నేలమాళిగలో పెద్ద తొట్ల మీద బీరు పులుస్తుంటే గోధుమరంగు నురగ మేఘంలా లేస్తుంది. దాన్ని చిల్లుల గరిటెతో తీసెయ్యాలి, లేకపోతే చేదు దిగుతుంది. అక్కడ ఎప్పుడూ ఒకటే చలి. ఋతువులన్నీ మెట్ల పైన ఉండేవని ఆమె అనేది. ఎండాకాలమో మంచో తెలియాలంటే పైనుంచి దిగివచ్చినవాళ్ళ బూట్లు చూసుకోవాలట.

వెల్డింగ్ పనిచేసే ఆలొయిస్‌ను పెళ్ళాడింది. మూతపడ్డ పాల డెయిరీ నుంచి అతను ట్యాంకులు కొని, కోసి, అతికించి, ఆమెకంటూ ఒక బ్రూవరీ కట్టాడు. ఆ ట్యాంకులు పాలను మరిచిపోవడానికి ఏడాది పట్టింది. తర్వాత బీరు బాగా కుదిరింది. హుసోవిత్సె జనం పని దిగి నేరుగా మా గదికే వచ్చేవాళ్ళు. కిందటి చలికాలం ముందటి చలికాలంలో ఆలొయిస్ మా నేలమాళిగ మెట్ల మీద కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. ఆమె ఒక్కతే కాచడం సాగించింది.

ఆ వసంతంలో బీరు పాడైంది. మొదట కరిగిన వెన్న వాసన, వారం తిరిగేసరికి పులుపు. మొత్తం కాలువలో పారబోశాం. బంగారు రంగు నీళ్ళు జాలీ మీద సుడి తిరుగుతూ వెళ్ళిపోతుంటే ఆమె చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది. మళ్ళీ కాచింది. అదీ అంతే. బీరు పులిసే కిందిగదిలో ఎక్కడో, ఏ కీలులోనో, ఏ అతుకు వెనకో పులుపు కాపురం పెట్టింది. పైపులు విప్పాం. మరిగే నీళ్ళు పోశాం, కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగాం. ఎక్కడుందో దొరకలేదు. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అమ్మే అతను ఇక సరుకు పంపనన్నాడు. మిగిలినది ఇంకొక్కసారి కాచడానికి సరిపోతుంది. అదీ పోతే తలుపు మూసెయ్యడమే.

బీరును పులియబెట్టే ఈస్ట్ కూడా జబ్బు పడింది కాబట్టి ఆమె దాన్ని పారేసింది. మా ఊళ్ళో ఒక బ్రూవరీ ఇంకో బ్రూవరీకి ఈస్ట్ అమ్మదు. పాలకు తోడు లేనప్పుడు పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళినట్టు క్యాను పట్టుకెళ్తారు, అవతలివాళ్ళు నింపి ఇస్తారు. ఇచ్చేముందు గది శుభ్రమేనా అని ఒక్క మాట అడుగుతారు. దానికి ఎవరూ అబద్ధం చెప్పరు. లీషెన్‌లో బ్రూవరీ నడిపే మిలాదా ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు, ఇస్తానని ఫోన్‌లో మాటిచ్చింది. ఆ మాట మీద వ్లాస్తా గారు తెల్లవారుజామునే కాచేసింది. మాల్టు నుంచి దిగిన తీపి రసం చల్లబడి ట్యాంకులో ఉంది. ఈస్ట్ పడకుండా అది తెల్లారేదాకా ఆగదు.

లీషెన్‌లో మిలాదా గడపలోనే అడ్డం నిలబడింది.

"క్యాను బయట పెట్టు హినెక్," అంది నాతో. వ్లాస్తా గారిని మాత్రం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పందికొవ్వు రాసిన రొట్టె, మీద ఉల్లిపాయ ముక్కలు వేసి ముందు పెట్టింది.

"రెండోది కూడా పోయిందటగా. నిన్న మా గదిలో అనుకుంటుంటే విన్నాను. నాకు చెప్పలేదేమే?"

"నువ్వు సందిస్తేగా. మొన్న ఫోన్‌లో అంతసేపూ నీ మోకాళ్ళ గురించే చెప్పావు."

మిలాదా నవ్వబోయి మానేసింది. "దొరికిందా?"

"లేదు."

"అస్సలు దొరకలేదా?"

"లేదు మిలాదా."

"మరి నేనెలా ఇవ్వనే? నా ఈస్ట్ వేశాక నీ బీరు మళ్ళీ పులుపెక్కితే ఏమంటారు? నీ గది జబ్బుదని ఎవరూ అనరు. లీషెన్ ఈస్ట్ జబ్బుదంటారు. చేతులారా నా కొంప నేనే ముంచుకున్నట్టవుతుంది."

"మాటిచ్చావు. కాచేశాను."

"కాచేశావా?" మిలాదా ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడి ఏప్రన్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తిను. ముందు అది తిను," అంది.

వ్లాస్తా గారు తిన్నది. వద్దంటే స్నేహితురాలు ఇంకా ఏడుస్తుందని తిన్నదనుకుంటాను.

అక్కణ్ణుంచి జాబ్ర్‌దోవిత్సె వెళ్ళాం. నది పక్కన పాత ఫ్యాక్టరీలో నలుగురు కుర్రవాళ్ళు కొత్తగా పెట్టిన బ్రూవరీ అది. గడ్డాలు, పచ్చబొట్లు, అద్దంలా మెరిసే ఉక్కు ట్యాంకులు. మతోష్ అనే అతను మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. విషయం విని ఒక వెండిరంగు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మాదంతా పొట్లం ఈస్టే వ్లాస్తా గారూ. పట్టుకెళ్ళండి. కాకపోతే ఇది వెచ్చగా ఉంటేనే పనిచేస్తుంది. అరటిపండు వాసన వస్తుంది."

"రోజూ మా గదికొచ్చే తెసారెక్‌కి అరటిపండు బీరు పోస్తే ఆ గ్లాసు పెట్టే నన్ను కొడతాడు."

"ఈ రోజుల్లో అందరూ అదే అడుగుతున్నారండీ."

"నా గదిలో పులుపు ఉంది బాబూ. ఇది వేస్తే పట్టకుండా ఉంటుందా?"

మతోష్ తల గోక్కున్నాడు. "పడుతుంది. ముందు అరటిపండు, తర్వాత పులుపు. మేమైతే సీసా మీద ఒక పిచ్చిబొమ్మ వేసి రెట్టింపు ధరకి అమ్ముతాం." అన్నాక ఆమె ముఖం చూసి, "తప్పుగా అనుకోకండి," అన్నాడు.

"లేదు బాబూ. నీ వయసులో ఉంటే నేనూ అదే చేసేదాన్ని," అంది ఆమె. బయటికి వచ్చాక ఇనప మెట్ల మీద కూర్చుండిపోయింది. కింద నది ఎండకు తెల్లగా కాగుతోంది. బాతులు నీడ వెతుక్కుంటూ వంతెన కిందికి పోయాయి. ఆమె వేళ్ళు క్యాను మూతను తిప్పుతూనే ఉన్నాయి, బిగించడానికీ కాదు, తియ్యడానికీ కాదు.

"ఇంకెవరున్నారు?" అన్నాను.

"పెద్ద బ్రూవరీ గేటు దాటనివ్వదు. మిగతావాళ్ళంతా పొట్లాలే వాడతారు." క్యాను మూత బిగించి, "కొమారోవ్‌లో ఆయన ఉన్నాడు," అంది.

ఆయనంటే ఒటకర్ పెన్యాజ్. నేలమాళిగలో ఆమెకు పని నేర్పిన మేస్త్రి. పెద్ద బ్రూవరీ నుంచి దిగిపోయాక కొమారోవ్‌లో సొంతంగా పెట్టుకుని, నాతో రా అని ఆమెను పిలిచాడు. ఆమె వెళ్ళకుండా ఆలొయిస్‌తో కలిసి తన గది తాను పెట్టుకుంది. అప్పటినుంచి మాటల్లేవు. ఆలొయిస్ పోయినప్పుడు ఒక పూలదండ వచ్చింది గానీ దాని రిబ్బను మీద పేరు లేదు.

ట్రామ్‌లో చెమట, వేడెక్కిన రబ్బరు వాసన. మా ఎదురుగా ఒక పరదేశీ జంట పటం విప్పుకుని కూర్చుంది. ఆ అమ్మాయి క్యాను చూసి, వచ్చీరాని మా భాషలో, "హుసోవిత్సె బ్రూవరీ? ఏ స్టాపు?" అని పటం ముందుకు చాచింది. వ్లాస్తా గారు పటం మీద తన గ్లాసు బొమ్మను చూసింది. చిటికెనవేలి గోరంత ఉంది, దాని మీద నురగ తెల్లగా పొంగుతోంది.

"ఇవాళ లేదమ్మా," అంది. "వేరేచోటికి వెళ్ళండి."

వాళ్ళు దిగిపోయాక నేను మెల్లగా అన్నాను. "దొరికిందని చెప్పేస్తే పోలా? ఎవరు చూడొచ్చారు?"

ఆమె క్యాను ఒళ్ళోకి లాక్కుంది. తర్వాతి స్టాపులో, "ఎక్కడ దొరికిందంటే ఏం చెప్పాలి?" అంది.

"హోసు పైపు వాషరు వెనకాల."

"ఆ. అక్కడైతే నమ్ముతారు," అంది కిటికీలోకి చూస్తూ.

పెన్యాజ్ మేస్త్రి పెరట్లో పీపాలు కడుగుతున్నాడు. ఎనభై దగ్గర పడ్డా నడుం వంగలేదు. మమ్మల్నీ క్యానునూ చూశాడు. నీళ్ళ పైపు కట్టేశాడు.

"ఏం అమ్మాయ్. దారి తప్పావా?"

"లేదు మేస్త్రిగారూ. కావాలనే వచ్చాను."

"అంటే బాగా మునిగావన్నమాట."

"బాగానే."

"కాచేశావా?"

"పొద్దున."

"ఈస్ట్ చేతిలో లేకుండా కాచావు. ఇదేనా నేను నేర్పింది?"

ఆమె తల దించుకుంది. నేను సమాధానం చెప్పబోతే, "నువ్వు బీరు పోసేవాడివా? అయితే నీ వంతు తర్వాత," అన్నాడు నా వైపు చూడకుండానే. ఆపైన ఆమెను అడిగాడు. "గదిలో ఏముందో దొరికిందా?"

"దొరికింది."

"ఎక్కడ?"

"హోసు పైపు వాషరు వెనకాల."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. మా క్యాను అందుకోకుండా లోపలికి వెళ్ళి తన క్యాను ఒకటి నింపి తెచ్చాడు. మూత తీసి చూపించాడు. చిక్కగా, మీగడ రంగులో, చిన్నచిన్న బుడగలతో ఊపిరి తీస్తోంది. అప్పుడే కోసిన రొట్టె వాసన. వ్లాస్తా గారు దాన్ని రెండు చేతులతో గుండెలకు హత్తుకుంది. క్యాను చలికి ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేక తల వంచింది. మేం గేటు దాకా నడిచాం.

గేటు దగ్గర ఆగిపోయింది. నేను గొళ్ళెం తీసి పట్టుకున్నాను. ఆమె కదలలేదు. కళ్ళు మూసుకుని నిలబడి, చివరికి వెనక్కి తిరిగి నడిచి, క్యాను ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"దొరకలేదు మేస్త్రిగారూ."

"తెలుసు."

"తెలిసీ ఇచ్చారా?"

"దొరికినవాళ్ళు ఊరుకుంటారా? గేటు అవతలినుంచే అరుస్తారు, దొరికింది దొరికింది అని. నేను అడిగేదాకా ఆగరు." ఆయన బోర్లించిన పీపా మీద కూర్చున్నాడు. "గేటు దాటతావేమో చూద్దామనుకున్నాను."

"దాటేదాన్నే. బీరు పులుపెక్కితే ఆ చెడ్డపేరు మీకొస్తుందని..." మాట పూర్తికాలేదు. అప్పటిదాకా ఎక్కడా ఏడవని మనిషి ఆ పెరట్లో, తడి రాళ్ళ మీద ఏడ్చింది. పెన్యాజ్ ఓదార్చలేదు. నీళ్ళ పైపు మళ్ళీ తిప్పి పీపా కడగసాగాడు. ఆ చప్పుడులో ఆమె ఏడుపు మాకు వినపడకుండా పోయింది.

అదయ్యాక ఆయన చెప్పాడు. "నీ గదిలో ఏ ఈస్ట్ వేసినా చస్తుంది. రసం ఇక్కడికి పట్రా. ఈస్ట్ పడనంతవరకు అది తీపి నీళ్ళే, ఎక్సైజు చట్టానికి దానితో పని లేదు. నా బండిలో ట్యాంకు ఉంది. నా రాగిపాత్రలో మళ్ళీ మరగనిస్తాను, దానికి అంటుకున్నది అక్కడ చస్తుంది. నా గదిలోనే పులుస్తుంది. కానీ నా గదిలో పొంగింది నా పేరుతోనే పోతుంది. నీ పేరు పెట్టలేను. నీదని ఎవరితోనూ అనకూడదు. అన్నావంటే నీ జబ్బు నా గదికి వచ్చిందంటారు."

"నా గదో?"

"ట్యాంకులన్నీ పీకి పారేసి మొదటినుంచి కట్టుకోవాలి. ఆ ఓపిక నీకుందా?"

ఆలొయిస్ అతికించిన ట్యాంకులు అవి.  "మొదట ముందు గదిలో పొయ్యడానికి నాకేదో ఒకటి కావాలి మేస్త్రిగారూ," అంది.

"నాది పోసుకో. పంపిస్తాను."

"సరే," అంది. ఆ ఒక్క మాటతో బ్రూవరీ అయిపోయింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా పెన్యాజ్ బండి మా ఇటుక గోడ పక్కకు వచ్చింది. పంపు పెట్టాం. ట్యాంకు గోడ మీద చెయ్యి ఆనించి రసం మట్టం దిగుతుంటే ఆమె చేతినీ దాంతోపాటే దించుతూ వచ్చింది. చివరికి అడుగున చెయ్యి ఆగింది. బండి వెళ్ళాక చీపురు తీసుకుని, ఇక ఎవరూ నడవని నేలను శుభ్రంగా ఊడ్చింది. తన రాగిపాత్ర కింద మళ్ళీ మంట పెట్టలేదు.

వేసవి చివర్లో ఆ రసమే బీరయి, కొమారోవ్ పేరుతో పీపాల్లో తిరిగి వచ్చింది. నేను మొదటి గ్లాసు పోసి ఆమెకిచ్చాను. వాసన చూసి, ఒక గుక్క తాగి, నాకు తిరిగి ఇచ్చేసింది. మాల్టు ఆమెది, చేదు కోసం వేసే హాప్స్ పూలు ఆమెవి, చెయ్యి ఆమెది. కానీ ఈస్ట్ ఆయనది, రుచి మీద దాని ముద్రే పడింది. ఆమె మాత్రం తన బిడ్డను పరాయి ఇంటి బట్టల్లో చూసినట్టు చూసింది.

పాత ఖాతాదార్లు తిరిగి వచ్చారు. చాలారోజులు వేరేచోట తాగి అలిసిపోయిన మొహాలు. పైకప్పులు వేసే తెసారెక్ తన మూల బల్ల దగ్గర కూర్చుని, ఊరేసిన సాసేజ్ తెప్పించుకుని, సగం గ్లాసు ఒక్క ఊపిరిలో ఖాళీ చేశాడు. మీసం మీద నురగ తుడుచుకోకుండా కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరిది వ్లాస్తా?"

"కొమారోవ్‌ది."

"పెన్యాజ్ ముసలోడిదా? అబ్బ, ఎంత మంచి చెయ్యి." మిగతా సగం కూడా తాగాడు. "నిన్ను నొప్పించాలని కాదమ్మాయ్. కానీ ఇన్నేళ్ళూ ఆ కిందిగదిలో ఎందుకు చచ్చావు? ముందే ఇలాంటిది తెప్పించి పోసుంటే పోయేది కదా. ఆలొయిస్ కూడా ఉండేవాడేమో, ఆ మెట్లు ఎక్కీ దిగీ..."

నేను నోరు తెరిచాను. ఆమె బల్ల మీదుగా నా మణికట్టు పట్టుకుంది. చల్లని చెయ్యి, గట్టి పట్టు.

"ఇంకోటి పొయ్యనా?" అంది తెసారెక్‌తో.

"అడగాలా?" అన్నాడు అతను.

ఆమె గ్లాసు కడిగి, చన్నీళ్ళలో తడిపి, నా చేతికివ్వకుండా తనే పోసింది.