ఏం కూర?

మా పెద్దమ్మ చౌడేశ్వరికి ఊరికే కూర్చోవడం చేతకాదు. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టిన మనిషి, చేతులు ఆడకపోతే ఆమెకు తోచదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరైన ఏడాదే తిరుపతి చుట్టుపక్కల వరదొచ్చింది. ఒక మిషన్ ఆసుపత్రి వాళ్లు ప్రార్థన హాల్లో మంచాలు వేసి, జీతం లేకుండా సాయం చేసే నర్సులు కావాలన్నారు. పెద్దమ్మ క్యారియర్ పట్టుకుని బయల్దేరింది.

"చౌడమ్మ తల్లి పేరు పెట్టుకోని ఏసయ్య ఆసుపత్రికి పోతావా?" అని మా అమ్మ ఎగతాళి చేసింది.

"సూది యాడ ఏసినా సూదేలే" అంది పెద్దమ్మ.

అక్కడ ఆమెకు అప్పగించిన వాళ్లలో వెంకటముని ఒకడు. చంద్రగిరి వైపు పెద్ద రైతు. నీళ్లలో ఆవుల పలుపులు కోస్తుంటే రేకు తగిలి పాదం తెగింది. సుగరు మనిషి కావడంతో పుండు నల్లబడుతోంది. సుగరు తగ్గకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు.

ఒక మధ్యాహ్నం రద్దీలో అన్నానికి ముందు వేయాల్సిన ఇన్సులిన్ సూది ఆలస్యమైంది. పెద్దమ్మ సూది పట్టుకుని పరుగున వెళ్లి, "అన్నమైందా నాయనా?" అని అడిగింది.

"అయిందమ్మా" అన్నాడు వెంకటముని.

సరేనని సూది వేసింది. కాసేపటికి పక్క మంచం ఆమె కేక పెట్టింది. వెంకటముని ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. సుగరు పడిపోయిందని గ్లూకోజు ఎక్కించి, కళ్లు తెరిచేదాకా పెద్దమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన ఆ రోజు మెతుకు ముట్టలేదు. అంతకుముందూ సరిగా తినలేదు, తన కంచం పక్కవాళ్ల పిల్లలకు జరిపేస్తున్నాడు.

"అయిందని ఎందుకు చెప్తివి?" అని పెద్దమ్మ కోప్పడింది.

"అడిగినోళ్లకు లేదని ఎట్ల చెప్పేదమ్మా? బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంటాం. మా కళ్లం కాడికి వచ్చినోళ్లంతా తిని పోయినోళ్లే. ఈడ ఒకరు పెట్టే కంచం పట్టుకుంటే నాకు ముద్ద దిగలా."

తిట్టబోయిన పెద్దమ్మ ఆయనకు దుప్పటి కప్పింది. తప్పు ఆయనది మాత్రమే కాదు. ఆ "అయింది" తనకూ పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటే. అది జవాబు కాదని, మర్యాదని ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. అది తలుచుకుని ఆ సాయంత్రం బస్సులో ఏడ్చిందట.

మర్నాడు ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకుని క్యారియర్ విప్పింది. ఆయనకు వచ్చిన కంచం కూడా తెచ్చి పెట్టింది.

"ఒంటిగా తినేది నాకు సాతకాదు నాయనా. నువ్వు తోడు కూసోకుంటే ఇది మూసేస్తా."

వెంకటముని ఇబ్బందిపడ్డాడు. ఆడమనిషిని పస్తుంచి చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. "ఆ సూదేదో ముందు ఏసెయ్యి, తింటాం" అన్నాడు.

అప్పటి నుంచి ఆ హాల్లో పెద్దమ్మ ఎవరినీ అన్నమైందా అని అడగలేదు. "ఏం కూర?" అని అడిగేది. తినని వాళ్లు దొరికిపోయేవాళ్లు. అక్కడి సిస్టర్ ఎస్తేరుకూ అదే అలవాటైంది.

వెంకటముని పుండు మెల్లగా ఎర్రబారి, మానింది. కాలు నిలిచింది. ఇంటికి వెళ్లే రోజు చేతికర్ర పట్టుకుని, హాల్లో ఇంకొకరికి కట్టు కడుతున్న పెద్దమ్మ దగ్గరికి నడిచి వచ్చాడు. పొద్దున్నుంచి ఆమె కాలు నిలవలేదు, క్యారియర్ మూత తీయనే లేదు.

"అన్నమైందా సిస్టరమ్మా?"

"అయింది నాయనా" అంది పెద్దమ్మ, కట్టు కడుతూనే.

వెంకటముని కదల్లేదు.

"ఏం కూర?"

పెద్దమ్మ చేతిలో కట్టు ఆగిపోయింది. ఆయన కర్రను గోడకు ఆనించి, స్టూలు ముందుకు జరిపాడు.

"కూసోమ్మా. నువ్వు తినేదాకా నేనుంటా."