బల్ల దగ్గర చేయి చాపనివాడు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన పని తప్పులు పట్టడం. కుట్టు పూర్తయిన చొక్కా రెండు ట్యూబ్‌లైట్ల కింద ఆయన టేబుల్ మీదికి వచ్చేది. కాలరు కొసలు రెండూ సమానంగా ఉన్నాయా, కాజాలో దారప్పోగు మిగిలిందా, జేబు నూలువాసి పక్కకి జరిగిందా అని చూసి, తేడా కనబడితే ఎర్ర స్టిక్కరు అంటించి బుట్టలో పడేసేవాడు. మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళు ఆయనకి రిజెక్టు బాబాయి అని పేరు పెట్టారు. మొహం మీదే అలా పిలిచినా ఏమీ అనుకునేవాడు కాదు, పైగా లోలోపల కాస్త గర్వం కూడాను. ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతుల మీదుగా వెళ్ళిన చొక్కా ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ చూపు ఫ్యాక్టరీలోనే వదిలేసి ఇంటికి వస్తే బాగుండేది. వదల్లేదు సరికదా, తన మీదే పెట్టుకున్నాడు.

ఆయనకి కోపం ముక్కు మీదే ఉండేది. వాళ్ళ చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. ఇరవై రెండేళ్ళ కిందట అలాంటి ఒక ఆదివారం పొద్దున బొత్తాం ఊడిందని భార్య మీద గొంతు చించుకుని, గంట తిరక్కుండా అదే నోటితో రొట్టె తిన్నాడు. తిన్నాక పాస్టరుగారు, ఎవరిని వాళ్ళు పరీక్షించుకుని మరీ ఈ బల్ల దగ్గరికి రావాలని గట్టిగా చెప్పారు. అది ఈయనకి ముల్లులా దిగింది. ఇంటికి వెళ్ళేలోపే ఒక నియమం పెట్టుకున్నాడు. ఒక బల్ల నుంచి ఇంకో బల్ల దాకా ఎవరి మీదా నోరు పారేసుకోకుండా ఉంటేనే రొట్టె ముట్టాలి, లేకపోతే లేదు.

నెల రోజులే కదా అనుకున్నాడు. నాలుగో రోజునో తొమ్మిదో రోజునో నియమం తప్పేది. ఒకే ఒక్కసారి చివరి శనివారం సాయంత్రం దాకా నెట్టుకొచ్చాడు. భార్య కూడా ఊపిరి బిగబట్టుకుని ఉంది. స్నానానికి వెళ్ళి చూస్తే సబ్బు నీళ్ళలో నాని ముద్దయిపోయి ఉంది. ఇంకేముంది, వీధి చివరింటి దాకా వినబడింది.

"పోనీలెండి, సబ్బు సంగతి దేవుడు పట్టించుకోడు," అందావిడ.

"నువ్వు నోర్మూసుకో," అన్నాడు. ఒక తప్పు రెండయింది.

చర్చిలో పళ్ళెం వరసలో ఆయన దాకా వచ్చేది. ముట్టుకోకుండా పక్కనున్న భార్యకి అందించేవాడు. ఆమె తలదించుకుని ఒక ముక్క తీసుకునేది. ఎంత భయభక్తులో మనిషికి, అని జనం మెచ్చుకునేవాళ్ళు. ఆయన ఆకలితో ఇంటికి వెళ్తున్నాడని ఒక్కరికీ తట్టలేదు. ఆ మెచ్చుకోలే ఆయన్ని సగం చంపింది.

యాభై ఎనిమిదో ఏట గొంతులో పుండు లేచింది. కోశారు, మందులు ఎక్కించారు, అయినా పెరిగింది. ఊపిరికని మెడకి కన్నం పెట్టారు, తిండికని పొట్టకి గొట్టం పెట్టారు. మాట పోయింది, మింగడం పోయింది. నోట్లో నీటిచుక్క కూడా వేయొద్దని చెప్పి డాక్టరు ఇంటికి పంపేశాడు.

ఒక శనివారం మధ్యాహ్నం భార్య మంచం పక్కన కూర్చుంది. పరీక్ష పాసైన పిల్లాడి తల్లిలా ఉంది ఆమె మొహం.

"ఏమండీ, రేపు బల్ల. పోయిన బల్ల నుంచి మీరు ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. నెల నిండింది. పాస్టరు అయ్యగారికి మీ నియమం సంగతి చెప్పి ఇంటికి రమ్మన్నాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ నెలంతా ఏం జరిగిందో ఆయన ఒక్కడికే తెలుసు. గొట్టం మార్చే నర్సుని తిట్టుకున్నాడు, చూడ్డానికొచ్చి నీళ్ళు తాగిన బావమరిదిని తిట్టుకున్నాడు, అన్నం తింటూ గిన్నె చప్పుడు చేసిన భార్యని తిట్టుకున్నాడు, చివరికి దేవుణ్ణీ తిట్టుకున్నాడు. కోపం నోట్లో ఉంటుందనుకుని ఇన్నేళ్ళు నోటికి కాపలా కాశాడు. నోరు పోయింది, కోపం చెక్కుచెదరలేదు. ఇంత భయం ఆయనకి డాక్టరు మాట విన్న రోజు కూడా వేయలేదు.

ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు వచ్చాడు. కొత్తవాడు, వయసులో చిన్నవాడు. చేతిలో చిన్న డబ్బా. మంచం మీదున్న ఆయన, మాట పోయాక రాయడానికి పెట్టుకున్న పలక అందుకుని రాశాడు: నోరు లేక ఊరుకున్నాను. లోపల అందర్నీ తిడుతూనే ఉన్నాను. దీన్ని కూడా.

భార్య చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ నెలరోజుల నియమం ఎవరు పెట్టారన్నా?" అని అడిగాడు పాస్టరు.

నేనే, అని రాశాడాయన.

"ఇన్నేళ్ళూ ఎవరూ వద్దనలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెప్పాల్సింది మేమే. చెప్పలేదు," అన్నాడు పాస్టరు. "ఇది మీ చెకింగ్ టేబుల్ కాదన్నా. ఇక్కడ నెగ్గినవాడు ప్రభువు ఒక్కడే. మీ మంచితనం చాలదు, నాదీ చాలదు. ఆయనది మనందరికీ సరిపోయింది కాబట్టే తింటున్నాం."

ఆయన పలక పక్కన పెట్టాడు. తర్వాత చేయి చాపాడు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. భార్య వెక్కివెక్కి ఏడ్చింది.

పాస్టరు గోరంత ముక్క రసంలో ముంచి ఆయన వేళ్ళలో పెట్టాడు. ఆయన దాన్ని నాలుక మీద పెట్టుకుని మింగబోయాడు. గొంతు కదల్లేదు. దగ్గు తెర ముంచుకొచ్చింది, మెడ కన్నంలోంచి ఎర్రటి రసం చిమ్మి దిండు తడిసింది. మొహం నల్లబడింది. కాసేపటికి దగ్గు తగ్గింది.

"మింగలేకపోయినా ఫరవాలేదన్నా, ప్రభువుకి తెలుసు," అన్నాడు పాస్టరు. ప్రార్థన చేసి, ఇంకా ఇద్దరు రోగుల్ని చూడాలంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆయనకి ఊరటనివ్వలేదు. గొంతు బాగున్నప్పుడు రెండు వందల అరవై సార్లు పళ్ళెం చేతిలోకి వచ్చింది. అన్నిసార్లూ పక్కకి నెట్టాడు. ఆ ఆదివారాలు ఇంక ఎవరు తెచ్చిస్తారు? కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

భార్య ఆయన నోరు చూసి భయపడింది. ముక్క ఇంకా బుగ్గలోనే ఉంది.

"ఊసేయండి, అడ్డం పడుతుంది," అంటూ గిన్నె గడ్డం కింద పెట్టింది. "ఏమండీ, మీకు దణ్ణం పెడతాను, ఊసేయండి."

ఆయన గిన్నె పక్కకి తోసి పెదవులు బిగించుకున్నాడు. ముక్క లోపలికి పోలేదు. బయటికి ఆయన రానివ్వలేదు.