కంబళి కట్టిన కిటికీ

కారు వెనుక సీటు మీద పరచివున్న నల్లకంబళిని అద్దాల దుకాణం ముందు రెండు చేతులతో ఎత్తి ఒక్కసారి దులిపినప్పుడు, గాజు పలుకులు గలగలమని సిమెంటు నేల మీద రాలాయి. వాటి వెనుకనే, ఎన్నో ఏండ్లుగా ఆ ఉన్ని పోగుల మధ్య ముడుచుకొని పడుకున్నట్టున్న వాసన ఒకటి లేచింది. గొర్రెబొచ్చు, చింతగింజల గంజి, పాత పెట్రోలు, ఎర్రదుమ్ము, అన్నీ కలిసిన వాసన అది. ముందురోజు పట్టపగలు, అనంతపురంలో ఒక వీధిలో కారు నిలిపి, జబ్బుపడిన స్నేహితురాలిని పలకరించి వచ్చేలోపల ఎవరో ఎడమవైపు వెనుక తలుపు అద్దం పగలగొట్టి, సీటు మీది చేతిసంచి ఎత్తుకుపోయారు. దినచర్య రాసుకొనే అలవాటున్న దాన్ని కనుక, ఆ సాయంత్రమే పోయినవాటిని వరుసగా రాశాను: సంచి, చదువుకొనే కళ్లద్దాలు, గొడుగు, సగం తిన్న చెనిక్కాయల పప్పుచెక్క. కంబళిని ఎక్కడ రాయాలో మాత్రం తోచలేదు. అది పోలేదు, అట్లాగని మిగిలిందనీ చెప్పలేను. పగిలిన అద్దమంతా దాని మీదనే కురిసింది.

దుకాణం మస్తాన్‌ది. తలుపు లోపలి అట్ట విప్పి, అడుగున చేరిన గాజు పలుకులను చేటలోకి ఊడుస్తున్నవాడు తలెత్తి నావైపు చూశాడు.

"ఏమక్కా, దొంగనాయాలు కూడా వద్దని ఇడిసిపెట్టి పోయినాడే, దీన్ని నువ్వింకా మోస్తాండావా?"

నేను నవ్వాను. అతడు నవ్వలేదు.

"నవ్వులాట గాదక్కా. ఉన్నిలో దూరిన గాజు ఊరకే బయటికి రాదు. చిన్నపిల్లోళ్లు ఎవరన్నా పండుకుంటే గుచ్చుకుంటాది. పారేయి."

"పారేసేది కాదప్పా."

"ఏమి, ఎండి జరీ ఏమన్నా ఉండాదా దాంట్లో?"

"ఒకప్పుడు ఇదే కారు అద్దం" అన్నాను. అతడు నన్ను కొంచెం అనుమానంగా చూసి, మళ్లీ తలుపులోకి తల దూర్చాడు. నేను కంబళిని ఒళ్లో పెట్టుకొని స్టూలు మీద కూర్చున్నాను. ఆ వాసన నన్ను మెల్లగా కుందుర్పి వైపు తీసుకుపోయింది.

కుందుర్పికి కొద్ది దూరంలో, రాళ్లగుట్టల నడుమ ఉండేది మా ఊరు. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, వాకిళ్లలో నీళ్లు చల్లి, పూర్ణం పెట్టిన ఓళిగలు కాల్చుకొని, నేతిలో ముంచి తిన్న మర్నాటి నుంచీ ఊరంతా ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టేది. వాన వచ్చినా రాకపోయినా ఆషాఢం గాలి మాత్రం తప్పకుండా వచ్చేది. పడమటి గుట్టల సందులోనుంచి దూరి, దున్ని పెట్టిన చేలమీది ఎర్రమన్నును పొరలు పొరలుగా లేపి, ఆరేసిన చీరలను పందిరి కట్టెలకు చుట్టి, తలుపు సందుల్లో ఈలలు వేస్తూ, సంగటి ముద్దలోకి కూడా సన్నని ఇసుకై చేరేది. మేము ఆడపిల్లలం గోడ చాటున కూర్చొని గచ్చకాయలు ఎగరేస్తే అవి నేరుగా కిందికి దిగక పక్కకు కొట్టుకుపోయేవి. గాలి తినేసిన కాయ ఎవరిదన్న తగవు ఒకనాటితో తీరేది కాదు.

నాయనకు ఒక బాడుగ కారు ఉండేది. పెండ్లిండ్లకు, కాన్పులకు, కల్యాణదుర్గం కోర్టు వాయిదాలకు అదే పోయేది. ఆ కారులో నాయన కూర్చొనే చోట ఎప్పుడూ ఈ కంబళి మడతపెట్టి ఉండేది. పక్క ఊళ్లో గొర్రెలు కాచుకొనే కురుబల మగ్గం మీద నేసినది. నల్లగొర్రెల ఉన్ని, అంచుకు తెల్లచార. నేసిన తర్వాత చింతగింజలు ఉడికించి రుబ్బిన గంజి పట్టించి ఎండబెట్టేవారు. ఆ మగ్గం ఉన్న వీధిలోకి తిరగగానే, పులుపూ కాదు తీపీ కాదు, ఏదో పాతకాలం పెండ్లి ఇంటి వంటగది వాసన ముఖానికి కొట్టేది. చలికి అదే దుప్పటి, వానకు అదే గొడుగు, చుట్టం వస్తే అదే పీట. "కంబళికి మైల లేదు" అనేది మా జేజి. ఎవరు కూర్చున్నా ఏ కులమని అడగనిది మా ఇంట్లో అదొక్కటే.

జేజి నాయనకు తల్లి. వయసులో ఉన్నప్పుడే కుడికన్ను కందికట్టె తగిలి పోయింది. మిగిలిన ఎడమకంటికి పొర కమ్మింది. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె లోకాన్ని ముక్కుతోనూ చేతివేళ్లతోనూ చూసేది. గడప మీద కూర్చొని, వీధిలో పోతున్నది ఎవరో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేది. ఓళిగ అంచు తడిమి ఎక్కడ మాడిందో చెప్పేది. సాయంత్రం పడమటి దిక్కుకు ముఖం తిప్పి, ముక్కుపుటాలు విప్పి, "ఈ పొద్దు లేదులే" అనేది. ఆ పొద్దు వాన ఉండేది కాదు. అయినా ఆమెకు ఒక కోరిక ఉండేది. తన చేనును ఇంకొక్కసారి కంటితో చూడాలని.

నేను ఎనిమిదో ఏట ఉండగా నాయన ఆమెను అనంతపురం తీసుకుపోయి ఆ ఒక్క కంటికి పొర తీయించాడు. కట్టు వారం రోజులు విప్పకూడదని, గాలి, దుమ్ము సోకితే ఉన్నది కూడా దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికి పోవలసిన రోజు, ఆసుపత్రి లోపల కాగితాల పని ముగించుకొని బయటికి వచ్చేసరికి, కారు వెనుక అద్దం పగిలి ఉంది. సీటు మీది జొన్నరొట్టెల మూట లేదు. ఇంకేమీ పోలేదు. నాయన చాలాసేపు ఆ కిటికీలోకి చూస్తూ నిలబడి, "ఆకలైనోడు అడిగింటే ఇస్తాంటి గదప్పా! అద్దం ఏం పాపం చేసింది?" అన్నాడు.

ఆ కారుకు సరిపోయే అద్దం ఊళ్లో లేదు. బెంగళూరు నుంచి రావాలన్నారు. ఆగుదామంటే ఆసుపత్రి మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. బయట ఆషాఢం గాలి రోడ్డు మీది దుమ్మును సుడులు తిప్పుతోంది. అప్పుడు నాయన తన సీటు మీది కంబళిని తీసి, గాజు పలుకులు ఏరేసి, తలుపు తెరిచి కిటికీ మీదుగా దాన్ని వేలాడదీసి, పై అంచు బిగుసుకొనేటట్టు తలుపు మూశాడు. కింది అంచును అమ్మ సీటు సందులోకి కుక్కింది. జేజి అమ్మ ఒడిలో తలపెట్టి పడుకుంది. కాళ్లు పెట్టుకొనే చోట, కింద, నేను చతికిలబడ్డాను.

ఆ ప్రయాణం ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. లోపలంతా వెచ్చని చీకటి. గొర్రెబొచ్చు వాసన, కంటిమందు వాసన, అమ్మ కొప్పులో వాడిన కనకాంబరాల వాసన. బయటి గాలి తోసినప్పుడల్లా కంబళి పొట్ట ఉబ్బి, మళ్లీ లోపలికి అణిగి, ఏదో పెద్ద జంతువు మా పక్కన పడుకొని ఊపిరి తీస్తున్నట్టుండేది. తలెత్తి చూస్తే, ఆ నల్లని నేతలో పోగుకూ పోగుకూ మధ్య ఎండ సూదిమొనలంత సందుల్లో దూరి మెరుస్తోంది. ఆకాశం నిండా చుక్కలు! కారు మలుపు తిరిగితే ఆకాశమే తిరిగేది. ఏ చింతచెట్టు నీడో దాటితే ఒక మూల చుక్కలన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగేవి.

"ఏం చూస్తాండావే, మాట్లాడకుండా?" అంది జేజి.

"చుక్కలు, జేజీ."

"పగటిపూట చుక్కలేందే, పిచ్చిముండా!" అని, కాసేపటికి ముందుసీటు వైపు మాట విసిరింది. "ఒరే, యాడ వచ్చినాము? వాన పడిందా మనపక్క? చేను ఇత్తినారా?"

నేను లేచి ముందు అద్దంలోనుంచి చూశాను. రోడ్డుకు రెండువైపులా కనుచూపు మేర ఎర్రగా, బోసిగా, గాలికి పొగలు లేస్తున్న నేల.

"పడిందిమా," అన్నాడు నాయన. "ఇత్తనం ఏసేసినాము. మొలక లేసింది. పచ్చగా ఉండాది."

జేజి ముక్కుపుటాలు ఒకసారి విచ్చుకున్నాయి.

ఇంట్లో జేజి పడుకొనే పెరటిగదికి తలుపు లేదు. నాయన ఆ కంబళినే విప్పుకొచ్చి వాకిలికి కట్టాడు. వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. పొయ్యి పొగ లోపలికి రాకూడదని అమ్మ బయట రాళ్లు పెట్టి వండింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం కుందుర్పి ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. జేజిని మంచం మీద వాకిలికి ఎదురుగా కూర్చోబెట్టి కట్టు విప్పడం మొదలుపెట్టింది. నాయన, అమ్మ, నర్సమ్మ, ముగ్గురూ జేజి ముఖంలోకే చూస్తున్నారు. ముగ్గురి వీపులూ వాకిలి వైపున్నాయి. చివరి చుట్టు ఊడింది. జేజి కన్ను మెల్లగా తెరిచింది.

"ఏం కనపడతాండాది, అత్తా?" అంది అమ్మ.

"నల్లగా ఉండాదే" అంది జేజి. తర్వాత, నిద్రలో మాట్లాడుతున్నట్టు, "నల్లగా... నడమ చుక్కలు. చానా చుక్కలు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ చేతిలోని గుడ్డ కింద పడింది. నాయన గోడకు ఆనుకొని కూలబడి, "చెడగొట్టినా గదమ్మా! అద్దం లేని కార్లో తోలుకొచ్చి ఉన్న కన్ను పోగొట్టినా గదా!" అన్నాడు. నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు భయం వేయలేదు. ఆ చుక్కలు నాకు తెలిసినవే. నేను వాకిలి దగ్గరికి పోయి కంబళిని పక్కకు లాగాను.

గదంతా ఎండ నిండింది. జేజి చెయ్యి అడ్డం పెట్టుకొని, వేళ్ల సందులోనుంచి కొంచెం కొంచెంగా చూసింది. ముందు నన్ను చూసింది.

"ఏమ్మే, నీ చుక్కలన్నీ యాడ దాచిపెడితివే?"

ఆ తర్వాత నా తల మీదుగా, వాకిలి దాటి, పెరటి కంచె దాటి, మా చేనును చూసింది. అందులో ఒక్క మొలక లేదు. ఎర్రటి నేల గుట్టల దాకా ఎండలో మిలమిలలాడుతోంది. నాయన తల దించుకున్నాడు.

"పచ్చగా ఉండాదంటివే?" అంది జేజి. ఆమె ఇంకా కాసేపు చూసి, బోసినోటితో నవ్వింది. "ఎర్రగా ఉంటేనేం లేరా. కనపడతాండాది. అది చాలు."

బెంగళూరు అద్దం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. అయినా జేజి కారెక్కిన ప్రతిసారీ ఆ కిటికీ పక్కనే కూర్చొని, అద్దం దించేయమని నాయనతో గొడవపడేది.

"అయిపాయె అక్కా," అన్న మస్తాన్ మాటతో తల ఎత్తాను. కొత్త అద్దం పైకీ కిందికీ చప్పుడు లేకుండా ఆడుతోంది. "చీమ గూడ దూరదు, చూడు. గాలి ఊసే ఉండదు." నిజమే. ఇంటికి వస్తుంటే రోడ్డు పక్క చెట్లు ఊగుతున్నాయి, దుమ్ము సుడులు తిరుగుతోంది. లోపల ఏమీ వినబడలేదు, ఏ వాసనా రాలేదు. జేజి, ఆమె తర్వాత అమ్మ, నాయన వెళ్లిపోయారు. కురుబల మగ్గం ఉన్న వీధిలో ఇప్పుడు చింతగింజలు ఉడకవు. పడమటి గుట్టల సందులోనుంచి వచ్చే గాలి ఇప్పుడు గుట్టల మీద కరెంటు తీసే తెల్లటి పెద్ద పంకాలను తిప్పుతుంది. ఎవరి సంగటిలోనూ ఇసుక పోయడం లేదు. దారి మధ్యలో నేను అద్దం పూర్తిగా దించేశాను.

కంబళిని మిద్దె మీద ఆరేసి, కట్టెతో కొట్టి, చాలా పలుకులు రాల్చాను. అన్నీ రాలేదు; మస్తాన్ చెప్పింది నిజమే. ఇక దాన్ని ఎవరికీ కప్పలేను, ఎవరినీ దాని మీద కూర్చోమనలేను. నా గది పడమటి కిటికీకి కట్టాను. నిన్న మధ్యాహ్నం మంచం మీద పడుకొని చూస్తే, గాలికి అది ఉబ్బి, అణిగి, ఊపిరి తీస్తోంది. నల్లని నేత నిండా చుక్కలు. కొన్ని ఎండవి, కొన్ని గాజువి. ఏవి ఎన్నో నేను లెక్కపెట్టలేదు.