అన్నం మానేసిన బియ్యం కొట్టువాడు

బందరులో బియ్యం కొట్టు నడుపుతూ అన్నం మానేసినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఈమధ్య దాకా గొప్పగా చెప్పుకు తిరిగాను. షుగరు బయటపడ్డ రోజున డాక్టరమ్మ అడిగింది చాలా తక్కువ. “అన్నం సగం చేయండి, కూర పెంచండి, కాస్త నడవండి” అంది. వంకాయలు కొన్నా సగం ధరకి అడిగి మొదలుపెట్టే మనిషిని. అలాంటివాణ్ణి, ఆవిడ సగం అడిగితే మొత్తం వదులుకుని వచ్చాను. అడిగినదానికంటే ఎక్కువిచ్చిన బేరం నా జన్మలో అదొక్కటే.

తప్పు ఫోనుది. పిండిపదార్థం కడుపులోకి వెళ్లాక చక్కెరవుతుందని, దానికోసం ఇన్సులిన్ పెరుగుతుందని, అది ఎక్కువగా ఉన్నంతసేపు ఒంట్లో కొవ్వు కదలదని వీడియోల్లో చెప్పారు. గోడౌన్ లెక్కలాగే అనిపించింది. కొత్త సరుకు దిగుతూనే ఉంటే వెనక బస్తాలు ఎప్పుడు కదులుతాయి? నాకు తెలిసిన భాషలో చెప్పారు కాబట్టి పూర్తిగా నమ్మేశాను.

గుడ్లు, చేపలు, తోటకూర, వెన్న. కొద్ది రోజులకే ప్యాంటు వదులైంది. వెళ్లి డాక్టరమ్మకి బెల్టు చూపించాను.

“ముందు పోయేది చాలావరకు నీరేనండీ” అందావిడ. “ఒంట్లో దాచుకున్న పిండి నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. కొవ్వు నిదానంగా కరుగుతుంది. తొందరపడి మాత్రలు మీ అంతట మీరే ఆపకండి.”

మాత్రలు ఆపలేదు. మిగతాది వినలేదు.

మా కొట్టుకి పేరొచ్చింది పెళ్లి బియ్యంతో. పాత బియ్యమైతే వేలమందికి వండినా మెతుకుకి మెతుకు అంటదు. కొత్త బియ్యం గుండిగలో ముద్దవుతుంది. ఆ తేడా కనిపెట్టడంలో నాన్న పెట్టింది పేరు. సైకిల్ మీద చల్లపల్లి దాకా వెళ్లి, మిల్లులో నాలుగు గింజలు బుగ్గన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నమిలేవాడు. పాతవి పటుక్కుమంటాయి, కొత్తవి పంటికి అతుక్కుంటాయి. అక్కడితో ఆగేవాడు కాదు. గుప్పెడు గింజలు చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెస్తే, అమ్మ చిన్న ఇత్తడి గిన్నెలో విడిగా వండేది. కూర లేకుండా, ఉప్పయినా లేకుండా ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని, “ఊఁ” అనేవాడు. ఆ “ఊఁ” పడ్డాకే బస్తాలు దిగేవి. మిగిలిన అన్నంలో ఆవకాయ నూనె, నెయ్యి కలిపి, వరసగా కూర్చున్న మా చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టేవాడు. గోనెసంచుల వాసన, ఆ వేడి ముద్ద వాసన నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తు రావు. ఆయన పూటకి నేను మూడు పూటలా తినేంత అన్నం తినేవాడు, సన్నగా ఉండేవాడు. ఆయన నుంచి నాకు సైకిల్ రాలేదు, అన్నం మాత్రం వచ్చింది.

పెడనలో కలంకారీ అద్దకాలు వేయించే అక్క ఒకావిడ నాన్న హయాం నుంచీ మా దగ్గరే కొనేది. వాళ్లమ్మాయి పెళ్లికి బియ్యం చెప్పింది. చల్లపల్లి వెళ్లాను, స్కూటర్ మీద. మిల్లు ఆయన గింజలు చేతిలో పోశాడు. రంగు చూశాను, వాసన చూశాను, తిరిగి పోసేశాను.

“ఏంటి బావా, నోట్లో వేసుకోవా?”

“మానేశానయ్యా. పిండిపదార్థం.”

“పచ్చి గింజలు కూడానా? ఇంక కొట్టు బోర్డు మార్చి కోడిగుడ్లు అమ్ముకో.”

నవ్వుకున్నాం. ధర దగ్గర మాత్రం గంటసేపు వేలాడి, చాలా తగ్గించాననుకుంటూ ఇల్లు చేరాను. ఇంట్లో వండి చూడమని కూడా చెప్పలేదు. వండితే తినేదెవరు?

పెళ్లిలో మొదటి పంక్తిలోనే కూర్చున్నాను. వడ్డించే అతను అన్నం తెస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“వద్దా అండీ? బియ్యం మీ కొట్టువే కదా.”

“నేను తిననండీ. కూర వెయ్యండి.”

గుత్తివంకాయ అద్భుతంగా ఉందని పక్కాయనతో అన్నాను. ఆయన విస్తట్లో అన్నం ఇడ్లీపిండిలా జారుతోంది. పంక్తి చివరి దాకా చూశాను, అందరిదీ అంతే. “అమ్మినోడే తినట్లేదు చూడు” అని వెనక ఎవరో అన్నారు. చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది.

చెయ్యి కడుక్కునే చోటికి అక్క వచ్చింది. తిట్టలేదు.

“మీ నాన్నయితే నోట్లో వేసుకోకుండా పంపేవాడా తమ్ముడూ?”

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. అంతా విని, “నమిలి ఉమ్మేస్తే ఏ షుగరు పెరుగుతుందండీ?” అంది. ఆ మాట నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం సగం అన్నం తింటున్నాను, డాక్టరమ్మ మొదట చెప్పినంతే. షుగరు దిగింది, అది నిజం. నడక మొదలుపెట్టాను కనక ఒక మాత్ర ఆవిడే తగ్గించింది. నీటితో పోయిన బరువు తిరిగొచ్చింది, కొవ్వు కొంత పోయింది. ఇదంతా సగం అన్నంతోనే వచ్చేదని ఆవిడ అంటే కాదనలేకపోయాను. అక్క వీధిలో కనిపిస్తే ఆగి, నా ఆరోగ్యం అడుగుతుంది. బియ్యం మాత్రం గుడివాడ నుంచి తెప్పించుకుంటోంది.