వీపు మీది మట్టి

కుస్తీలో కిందపడ్డవాడి కష్టం గట్టు మీద కూర్చున్నవాళ్ళకు తెలియదు. పల్లీలు నములుతూ "లే రా, లే" అని అరవడానికి ఏం పోతుంది? ఎదుటివాడు నీ రొమ్ము మీద అడ్డంగా పడుకుని, ఒక చెయ్యి నీ మెడ కింద దూర్చి, బరువంతా నీ పక్కటెముకల మీద ఆనించి ఉంటాడు. నీ కాళ్ళు ఖాళీగానే ఉంటాయి కానీ వాటితో చేసేదేమీ కనపడదు. రెండు భుజాలూ మట్టికి తగిలాయంటే చిత్, ఆట అయిపోయినట్టే. ఒక భుజాన్ని మట్టికి అంటకుండా ఆపుకున్నంతసేపే నువ్వు ఆటలో ఉన్నట్టు. నేను ఎక్కువసేపు ఉండేవాణ్ణి కాదు.

కోరుట్లలో మేం కుస్తీ నేర్చుకునే తాలీం కట్టెల అడితి వెనక ఒక రేకుల షెడ్డు. లోపల ఎర్రమట్టి. దాంట్లో నూనె, పసుపు, మజ్జిగ కలిపి రోజూ పొద్దున్నే తవ్వేవాళ్ళం. అడితిలో పనిచేసే పెద్దమనిషే మా ఉస్తాద్. మాట తక్కువ, కట్టె ఎక్కువ. అడ్డంగా పడుకున్నవాడి కింది నుంచి బయటపడటం నాకు నేర్పలేక ఆయన నెత్తి బాదుకునేవాడు. నేను రెండు చేతులతో మీదివాణ్ణి పైకి తోసేవాణ్ణి. చేతులు వణికి, జబ్బలు చచ్చుబడి, చివరికి ఊపిరి పోయేది.

"అరె, ఆన్ని లేపకురా," అనేవాడు ఉస్తాద్. "మంచం కింద ఇరికినవనుకో. మంచం లేపుతవా, నువ్వు జరిగి బయటపడ్తవా? రొమ్ము మీద మనిషి ఉన్నప్పుడు మొదలు ఊపిరికి జాగ చేసుకో. గెలుసుడు తర్వాత సంగతి."

చెప్పడానికి అదెంత? ముంజేతిని వాడి గొంతుకు అడ్డం పెట్టాలి. రెండో మోచేతిని వాడి తుంటికి ఆనించాలి. మడమలు మట్టిలో దిగేసి నడుమును ఒక్క ఎత్తు ఎత్తాలి. వాణ్ణి పడేయడానికి కాదు, వాడు తన బరువు సర్దుకునేలోపు చిన్న సందు దొరుకుతుంది, దాని కోసం. ఆ సందులో నడుమును బయటికి లాక్కుని, పక్కకు తిరిగి, మోకాలు మధ్యలోకి దూర్చాలి. మోకాలు దూరిందా, సగం బతికినట్టే. అక్కడి నుంచి బోర్లా తిరిగి మోకాళ్ళ మీదికి లేవాలి. ఇదంతా నాకు నోటికి వచ్చు. ఒంటికే రాలేదు. మీద బరువు పడగానే నా లోపల ఏదో ఒకటి "ఇంక ఇంతే" అనేది. నేను దాని మాటే వినేవాణ్ణి.

నా జోడీ సిరిసిల్లవాడు. వాళ్ళ నాయన సాంచెల మీద బట్ట నేసేవాడు, తల్లి బీడీలు చుట్టేది. వాడు మాత్రం కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి మార్కెట్లో హమాలీ పని చేసేవాడు. మాది కిరాణా కొట్టు. కూర్చుని పెరిగిన ఒళ్ళు నాది, మూటలు మోసిన ఒళ్ళు వాడిది. వాడి మీద నేనెంత అడ్డంగా పడుకున్నా తడి సబ్బులాగా జారిపోయేవాడు. మరుక్షణం నేను కింద, వాడు మీద.

మా తాలీంలో ఒక కట్టుబాటు ఉండేది. గెలిచినవాడే ఓడినవాణ్ణి చెయ్యి పట్టి లేపాలి. వాడి వీపు మీది మట్టిని తన చేత్తో దులపాలి. ఓడినవాడు వీపు తిప్పి నిలబడాలి. దులపకుండా పోయినవాణ్ణి పొగరుబోతంటూ ఉస్తాద్ మళ్ళీ మట్టి తొక్కనిచ్చేవాడు కాదు. ఈ లెక్కన నా వీపుకు వాడి చెయ్యి బాగా అలవాటు. "నీ ఈపు దులిపి దులిపి నా అరచేతుల గీతలు అరిగినయ్ రా," అని నవ్వేవాడు. వాడి వీపు దులిపే పని నాకెన్నడూ పడలేదు.

అవి నక్సలైట్ అన్నల రోజులు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు. అన్నలకు అన్నం పెడితే పోలీసులు కొట్టేవాళ్ళు, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అన్నలు అడిగేవాళ్ళు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఒంట్లో కాస్త కండ ఉన్న కొడుకు ఉంటే తల్లికి కంటి మీద కునుకు ఉండేది కాదు. "అంగీ చేతులు కిందికి దించు కొడుకా, జబ్బలు కనవడ్తున్నయ్," అని మా అమ్మ గుమ్మం దాకా వెంటపడేది. కండల కంటే అసలు గండం మా మోచేతులు, మోకాళ్ళు. రోజూ మట్టిలో రాసుకుని అవి ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. అడవిలో పాకడం నేర్చినవాళ్ళ మోచేతులు కూడా అట్లాగే ఉంటాయని పోలీసులు నమ్మేవాళ్ళు. బస్సులు ఆపి చొక్కా చేతులు మడిచి చూసేవాళ్ళు.

ఆ ఏడు సిరిసిల్ల దిక్కు ఒక ఊరి జాతరలో కుస్తీలు పెట్టారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి, చివరికి వెండి కడెం కుస్తీ పట్టించడం మా వైపు రివాజు. నేను కొబ్బరికాయ గెలిచాను. అదీ అవతలివాడి కాలు బెణికి. నా జోడీ కడెం గెలిచాడు. మర్నాడు సిరిసిల్లలో ఆగి కడెం తల్లికి ఇచ్చాడు. ఒళ్ళో బీడీల చేట పెట్టుకుని కూర్చున్న ఆమె దాన్ని చేతికి తొడుక్కుంది. అది మోచెయ్యి దాకా జారింది. "గిది ఏసుకొని బీడీలు సుడితే ఆకు చినుగుతది గదరా," అని పడి పడి నవ్వింది. ఆమె నవ్వు నేను చూడటం అదే ఆఖరు.

కోరుట్ల పోయే బస్సును దారిలో ఆపారు. చొక్కా చేతులు మడవమన్నారు. మా ఇద్దరినీ దించి దగ్గర్లోని ఠాణాకు తీసుకుపోయారు.

ఎస్సై మా దిక్కు మనిషి కాదు. "ఏంట్రా ఈ మోచేతులు? ఏ అడవిలో పాకారు?" అన్నాడు.

"కుస్తీ పట్టినం సార్. కడెం గెలిచిన," అన్నాడు నా జోడీ.

"ఏదీ కడియం?"

"మా అమ్మకిచ్చిన సార్."

నేను సంచిలోంచి కొబ్బరికాయ తీసి చూపించాను. ఠాణా అంతా నవ్వింది. సాక్ష్యం పనికిరాలేదు.

అక్కడ లావుపాటి కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. మా దిక్కువాడే. ఒకప్పుడు తాలీంలో మట్టి తిన్నవాడని చెవి చూస్తేనే తెలుస్తోంది, పహిల్వాన్ల చెవి లాగా నలిగి ముద్దయి ఉంది. ఎస్సైకి సరదా పుట్టింది. ఈ కానిస్టేబుల్ కింది నుంచి లేచినవాడు పహిల్వానని ఒప్పుకుంటాను, వదిలేస్తాను అన్నాడు.

మొదట నన్ను. ఠాణా ముందు మొరం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆయన నా రొమ్ము మీద అడ్డంగా వాలాడు. చెమట, చుట్ట వాసన. ఉస్తాద్ చెప్పిందంతా గుర్తొచ్చింది. ముంజెయ్యి పెట్టాను, మడమలు దించాను, నడుము ఎత్తాను. సందు దొరకలేదు. ఇంక ఇంతే అనుకున్నాను. ఆ రోజు నేను తెలివిగా ఓడిపోయానని తర్వాత మా ఊళ్ళో కొందరు మెచ్చుకున్నారు. వాళ్ళకు దండం. నేను కావాలని ఓడిపోలేదు, నాకు లేవడం రాలేదు.

"వీడు పహిల్వానూ కాదు, నక్సలైటూ కాదు. గెంటేయండి," అన్నాడు ఎస్సై. నన్ను గేటు బయటికి తోశారు.

గేటు సందులోంచి చూశాను. వాడు పడుకున్నాడు. ఆయన వాలాడు. వాడు కళ్ళు మూసుకుని కాసేపు కదలకుండా ఉన్నాడు. తర్వాత నడుము కొద్దిగా ఎగిరింది, అంతే. మోకాలు లోపలికి ఎప్పుడు దూరిందో నాకే తెలియలేదు. బయటపడి అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఒంటికి అలవాటైన పని సగంలో ఆగదు. ఆయన్ని తిప్పి రెండు భుజాలూ మొరానికి ఆనించాడు. చిత్.

అప్పుడు వాడు చేసిన పని మా తాలీం పిల్లలు తప్ప ఈ భూమ్మీద ఎవరూ చేయరు. చెయ్యి పట్టి ఆయన్ని లేపాడు. ఆయన కూడా పాత అలవాటు కొద్దీ వీపు తిప్పి నిలబడ్డాడు. వాడు ఆయన ఖాకీ చొక్కా మీది మట్టిని మెల్లగా, మర్యాదగా దులపసాగాడు. ఒక్క క్షణం అది తాలీమే. అంతలో వరండాలో ఉన్న పోలీసులు పకపకా నవ్వారు. ఆయన ముఖం మారింది. తిరిగి వాడి చెంప పగలగొట్టాడు.

"ఆగు," అన్నాడు ఎస్సై. ఆయన నవ్వడం లేదు. "కానిస్టేబుల్ని పడేసి దుమ్ము దులుపుతున్నావా? ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావురా?"

"తాలీంల సార్. మీరు ఇడిసిపెడ్త అన్నరు గద సార్."

వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. తలుపు మూశారు.

ఉస్తాద్ వెళ్ళి, "నేర్పింది నేనే," అని చెప్పుకున్నాడు. ఆయన్ని కూడా లోపల వేసి, చేతివేళ్ళు విరిచి పంపారు. తల్లి సిరిసిల్ల నుంచి కడెం తీసుకుపోయి చూపించింది. అట్లాంటివాడు ఇక్కడ లేడని, ఎన్నడూ రాలేదని చెప్పారు. నేను చూశానని గేటు దగ్గర అరిచాను. తుపాకీ మడమతో కొట్టారు. తాలీంకు తాళం పడింది. తవ్వేవాళ్ళు లేక మట్టి ఎండి రాయిలా గట్టిపడింది. నాకు ఆశ అనేది ఆ మట్టితో పాటే ఎండిపోయింది. దాచుకోవడం ఎందుకు, మళ్ళీ చిగురించలేదు.

తర్వాత పేపర్లో ఎదురుకాల్పుల వార్త వచ్చింది. గుర్తుతెలియని తీవ్రవాది అని రాశారు. ముగ్గురం జగిత్యాల దవాఖానకు పోయాం. తల్లి లోపలికి రాలేకపోయింది. కడెం తొడుక్కున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని బయటే గోడకు కూలబడింది.

వాడి ఒంటి మీద వాడిది కాని ఆకుపచ్చ బట్టలున్నాయి. నలిగిన చెవిని బట్టి ఉస్తాద్ గుర్తుపట్టాడు. స్నానం చేయించడానికి బట్టలు తీసి పక్కకు తిప్పాం. వీపంతా మట్టి. రెండు భుజాలకూ.

ఉస్తాద్ తన వేళ్ళ వంక చూసుకున్నాడు. అవి వంగడం లేదు. "నువ్వు దులుపురా," అన్నాడు.

"గెలిసినోడు గద ఉస్తాద్ దులపాలె," అన్నాను.

"గెలిసినోడు రాడురా," అన్నాడు ఆయన. "నువ్వు దులుపు."

చెయ్యి వేశాను. మట్టి నెత్తుటితో కలిసి అట్టకట్టింది. ఎంత దులిపినా రాలలేదు. నీళ్ళు పోసి, గోళ్ళతో గీకి, మళ్ళీ నీళ్ళు పోశాను. వాడి వీపు దులపడం నాకు అదే మొదటిసారి.