వరసలు కలిపే గది

విజయనగరంలో వంటపని చేసుకుంటూ బతికే మా మేనత్త జ్వరంతో అక్కడి అనాథల ఆశ్రమంలో చేరిందని కబురొచ్చింది. నాన్నకు నడుం పట్టేసింది. తీసుకురమ్మని నన్ను పంపారు.

పొద్దున్న ఆరున్నరకు నౌపడలో పాసింజరెక్కాను. ఎవరైనా పలకరిస్తారేమోనన్న భయంతో, కళ్ళలో బొగ్గు నుసి పడుతున్నా, ఉప్పుమడులు దాటేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు. చీపురుపల్లిలో ఇడ్లీ తిన్నాను. విజయనగరంలో దిగి రిక్షా ఎక్కితే పదకొండుకల్లా ఆశ్రమం వచ్చింది.

రోగుల గది నిండా మంచాలు. నర్సు ఒక్కతే. పొద్దున్న మందులిచ్చి వెళితే మళ్ళీ మర్నాడే. ఆ తర్వాత దాహమన్నా, పక్క తడిసినా వినే నాథుడు లేడు. పైగా చుట్టాలు తప్ప ఇంకెవరూ రోగిని ముట్టకూడదట. దిక్కులేనివాళ్ళ ఆశ్రమానికి చుట్టాలెక్కడి నుంచి వస్తారు?

అందుకని రోగులే వరసలు కలుపుకున్నారు. లేవగలిగినవాళ్ళు లేవలేనివాళ్ళకు అక్కలూ పిన్నులూ అయిపోయారు. జ్వరం తగ్గిన మా అత్త, తుంటి విరిగిన పోలమ్మకు గంజి తాగిస్తోంది. మాది వ్యవసాయం. పోలమ్మ చేపలమ్మిన మనిషి. మా ఊళ్ళో అయితే అత్త ఆవిడ చేతి నీళ్ళు తాగదు. ఇక్కడ ఆవిడ అత్తకు వదిన.

"మూడింటి బండికి వెళ్దాం అత్తా," అన్నాను.

"ఓలమ్మీ, నానొచ్చేస్తే మా వొదినకి గంజెవులు తాగిస్తారు? రానని మీ నాన్నకి సెప్పు."

"పొమ్మంతన్నాను, పోదు! సేపల కంపు మరిగిపోనాది," అని పోలమ్మ నవ్వింది. కానీ పట్టుకున్న అత్త చెంగు వదల్లేదు.

ఒంటరిగా వెళ్తే నాన్నకు ఏం చెప్పను? రెండు కావస్తుండగా, ఎదుటి మంచం మీంచి ఎడమచేతికి కట్టున్న అప్పలనర్సమ్మ అనే అమ్మాయి లేచి వచ్చి, మధ్యాహ్నపు గంజి గిన్నెకు చెయ్యి చాపింది.

"నాకో సెయ్యి బాగానే ఉన్నాది."

పోలమ్మ ఎగాదిగా చూసింది. "నువ్వు నాకేటవుతావే?"

"ఏటవ్వమంతావు?"

"కోడలివి. కోడలివైతే రోజూ తిట్టొచ్చు."

గదంతా నవ్వింది. చెంగు మెల్లగా ఆవిడ చేతిలోంచి జారింది. వరసలు తేల్చుకోవడానికి మావాళ్ళకు నెలలు పడతాయి. ఇక్కడ గిన్నె చేతులు మారేలోగా తేలిపోయింది.

ఆ ఆశ్రమం వైపు వెళ్ళేవాళ్ళు, తడిసిన పక్కలు మార్చడానికి ఉతికిన పాత చీరలు పట్టుకెళ్ళండి. ఇంకో నర్సును ఎందుకు వెయ్యరని కూడా అడగండి. నాకు నోరు రాలేదు.

తిరుగు బండి గరివిడి దాటాక, ఎదురుగా కూర్చున్న ముసలాయన అత్తను పలకరించాడు. "ఎక్కడికెళ్ళొస్తన్నారమ్మా?"

"మా వొదినకి బాగోలేదు బాబూ. ఆస్పత్రిలో ఉన్నాది."

"అయ్యో! మరి దగ్గిరెవులున్నారు?"

అత్త వెనక్కి తిరిగి, వచ్చిన దారికేసి చూసింది.

"కోడలున్నాది," అంది.