ఎదురుపడని శ్రీమతి

పాతబస్తీలో మా చెరువు చుట్టూ చదునైన నడకదారి ఉన్నది. నిత్యమూ ఉదయాన నేనూ శ్రీమతీ గేటు వద్ద విడిపోయి, చెరొక దిక్కున నడిచి, సగం దారిలో కలుసుకొనేవారము.

ఆనాడు చుట్టంతా తిరిగినా ఆమె ఎదురుపడలేదు. మధుమేహమున్న మనిషి, ఎక్కడైనా సొమ్మసిల్లెనేమోనని భయపడి వాకబు చేశాను.

గేటు వద్ద చాయ్ అమ్మే భాయ్, "అమ్మ మిమ్మల్నే అడుగుకుంట గిట్లనే ముందుకు పోయింది బాపూ" అన్నాడు.

వడివడిగా మరొక చుట్టు తిరిగాను. మళ్ళీ అదే మాట! మతిపోయి అక్కడే కూలబడ్డాను. కాసేపటికి వెనుకనుండి ఆమె రొప్పుతూ వచ్చింది.

"యాడికి పోయిన్రు? కుక్కలు అడ్డమొస్తె ఎనక్కి మల్లి మీ దిక్కే వచ్చిన. అప్పటిసంది మీ ఎనకనే ఉరుకుతున్న!"

ఎవరు ఎవరిని వెదకినట్లో నాకు నేటికీ తేలలేదు. ఇప్పుడు గేటు వద్ద విడిపోవడం మాత్రం మానుకొన్నాము.